బ్లాకీకి భయం

నిన్న సాయంత్రం మా చర్చి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెద్ద మెసేజ్ పెట్టారు. క్రిస్మస్ రోజుల్లో ఇంట్లో కుక్కల్నీ పిల్లుల్నీ ఎలా చూసుకోవాలో రాసి ఉంది. ఎండుద్రాక్ష వేసిన కేకు పెట్టకండి, చుట్టాలు వచ్చిపోయేటప్పుడు గేటు తీసి వదలకండి, టపాసులు కాల్చే వేళకు లోపలి గదిలో ఉంచి కిటికీలు మూయండి, పక్కన ఎవరైనా కూర్చోండి. అప్పటికి నేను గులాబీ పువ్వులు వండడానికి పిండి కలిపి, జబ్బలు లాగేస్తుంటే గడప మీద కూలబడి ఉన్నాను. చదువుతుంటే మా మామ గొంతే వినబడింది. మా ఇంట్లో ఈ చట్టాలన్నీ ఎప్పుడో అమల్లో ఉండేవి. అమలు చేసే ఉద్యోగం మాత్రం నాది.

మా మామ బంగారు గనిలో పనిచేసినవాడు. గనులు మూసేశాక, ఊరిగాంలోని కంపెనీ ఇంట్లో చేతికి పనిలేక, బాగున్న మేకునే పీకి మళ్ళీ కొట్టుకుంటూ ఉండేవాడు. ఒకరోజు, బంగారం తీసేశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బ దారిలో దొరికిందని ఒక కుక్కపిల్లను చంకన పెట్టుకుని వచ్చాడు. దిబ్బ దుమ్ము పట్టి బూడిద రంగులో ఉన్నదానికి, కడగకముందే బ్లాకీ అని పేరు పెట్టేశాడు. కడిగితే నిజంగానే నల్లగా తేలింది కాబట్టి సరిపోయింది. మా ఆయన వేమగల్ ఫ్యాక్టరీకి చీకటితో పోయి చీకటి పడ్డాక వచ్చేవాడు. పగలంతా ఇంట్లో మామ, నేను, బ్లాకీ. మామ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. లోపల ఒత్తిడికి రాయి పేలి కూలడాన్ని మా దగ్గర ఎయిర్ బ్లాస్ట్ అంటారు. వయసులో ఉన్నప్పుడు అలాంటి దానిలో చిక్కుకుని బయటపడ్డాడనీ, పక్కనున్నవాళ్ళు బయటపడలేదనీ అత్త ఉన్న రోజుల్లో ఒకసారి చెప్పింది. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఇక డిసెంబరు వస్తే నా పని అయిపోయినట్టే. మా వీధిలో పండుగ ఎవరిదైనా టపాసులు అందరివీ. దీపావళికి మిగిలినవి దాచిపెట్టి మరీ, పక్కిళ్ళవాళ్ళు క్రిస్మస్‌కి తెచ్చి మా గుమ్మం ముందే కాల్చేవాళ్ళు. "గేటు ఎవురమ్మా తెరిచిపెట్టింది?" అని మామ లోపలి నుంచి అరిచేవాడు. బ్లాకీ బెదిరి పారిపోతుందని గేటుకు తాడు కట్టించేవాడు. కేకు పళ్ళాలతో జనం బయట నిలబడితే, నేను నూనెలో గరిటె వదిలేసి, నొప్పి మోకాలు పట్టుకుని పరుగెత్తి ఆ ముడి విప్పాలి. ఇంట్లో ఉన్న ఒక్క మంచి కంబళీ కిటికీకి పోయేది, మేము దుప్పట్లలో వణికేవాళ్ళం. క్రిస్మస్ సాయంత్రం నుంచి కొత్త సంవత్సరం దాకా, పొద్దుగూకితే చాలు, రేడియో గట్టిగా పెట్టుకుని కుక్కతో పాటు గదిలో చేరి తలుపు వేసుకునేవాడు. ఆయనతో పనిచేసినవాళ్ళు వచ్చి, "పెద్దాయన యాడమ్మా?" అని అడిగితే, "కుక్క దగ్గర" అని చెప్పడానికి నాకు తల కొట్టేసినట్టుండేది.

"అంతమంది వచ్చిండారు, ఒక్క గడియ వచ్చి కూర్చో మామా" అని బతిమాలేదాన్ని.

"నేను రాలేనమ్మా. ఇది నన్ను ఇడిసి ఉండదు" అనేవాడు.

నాకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఎవరూ నా పక్కన అంతసేపు కూర్చోలేదు. కుక్క మీద కూడా కుళ్ళు పుడుతుందని అప్పుడే తెలిసింది.

బ్లాకీ ముసలిదైంది. ఒక డిసెంబరులో పిండివంటలు చేస్తుంటే ఇత్తడి పళ్ళెం నా చెయ్యి జారి, నిద్రపోతున్న దాని వెనకే పడింది. అది కదల్లేదు. చప్పట్లు కొట్టాను, పేరు పెట్టి పిలిచాను, పళ్ళెం ఎత్తి మళ్ళీ పడేశాను. చెవి కూడా ఆడించలేదు. పూర్తిగా చెవుడు. పాపం అనుకోవాల్సింది పోయి, నాకు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఇంక తాడు లేదు, కంబళీ నాది, మామ మనుషుల్లో కూర్చుంటాడు.

క్రిస్మస్ సాయంత్రం, ఇంటినిండా జనం ఉండగా, ఆ సంగతి చెప్పి మామను బయటికి తీసుకువద్దామని గది తలుపు తోశాను. బయట టపాసుల సరం అంటించారు. బ్లాకీ కాళ్ళు చాపుకుని గురకపెడుతోంది. మామ గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఒక చేత్తో మంచం కోడు పట్టుకున్నాడు, రెండో చెయ్యి కుక్క వీపు మీద ఉంది. ఒక్కొక్క మోతకూ ఆయన ఒళ్ళంతా ఎగిరిపడుతోంది. కుక్క మీది చెయ్యి వణుకుతుంటే దాని నల్లటి బొచ్చు కదులుతోంది.

"చూడమ్మా, ఎట్ల వణుకుతాండాదో" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆయన దాస్తూ వచ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది.

"అవును మామా, శానా బెదిరిండాది. నువ్వు యాడికీ పోవద్దు, దాని దగ్గరే ఉండు" అన్నాను. రేడియో ఇంకాస్త పెంచి, తలుపు దగ్గరికి వేసి వచ్చాను. అడిగినవాళ్ళందరికీ, బ్లాకీకి భయం, ఆయన రాడు అని నేనే గట్టిగా చెప్పాను.

మరుసటి వానాకాలంలో బ్లాకీ పోయింది. డిసెంబరు దగ్గరపడేకొద్దీ మామ మాటిమాటికీ కిటికీ గడియ వేసి తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆ మోకాలితోనే బస్సెక్కి, కురుడుమలె దగ్గర తెలిసినవాళ్ళింట్లో ఒక కుక్కపిల్లను అడిగి, బుట్టలో పెట్టుకుని వచ్చాను. "దీనికి బెదురు ఎక్కువంట మామా, నువ్వే చూసుకోవల్ల" అని ఒళ్ళో పెట్టాను. ఆయన దాని తల నిమిరాడు. తాడు నేనే వెతికి గేటుకు కట్టాను.

ఇప్పుడు మామ లేడు, ఆ రేడియో లేదు. ఇప్పుడున్న టైగర్‌కు భయమంటే ఏమిటో తెలియదు. నిన్న గడప మీద నేనింకా ఫోను పట్టుకుని కూర్చుని ఉండగానే వీధిలో పిల్లలు టపాసు పేల్చారు. అది తోక ఊపుకుంటూ వాసన చూడబోయింది. మా కోడలు వంటింట్లోంచి వచ్చి పిండిగిన్నె నా ముందు నుంచి తీసుకుంది.

"ఇంగ చాలు అత్తా. టైగర్ బెదిరిపోతాండాది, నువ్వు లోపలికి పోయి దాని దగ్గర కాసేపు పడుకో" అంది.

ఆ పిల్ల మామను చూడలేదు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. టైగర్ గేటు దగ్గర పిల్లలతో గంతులేస్తోంది.

"అవునమ్మా, దానికి బెదురెక్కువ" అన్నాను. మోకాలు పట్టుకుని లేచి, గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. ఒకప్పుడు బయటి నుంచి నేను మూసిన తలుపే అది. దానికి లోపలివైపు చేరడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.