లియోన్సియా తీసేసిన వాక్యం

మా పురావస్తు పత్రికలో వ్యాసం అచ్చు కావాలంటే ఇద్దరు పండితులు ఒప్పుకుంటే చాలదు, ఊరు కూడా ఒప్పుకోవాలి. ఈ నియమం పెట్టింది లియోన్సియా సుల్కా. ఏ ఊరి నేల తవ్వి వ్యాసం రాశారో ఆ ఊరి సభలో రాసినవాళ్ళే నిలబడి, ఊళ్ళో మాట్లాడే కెచువా భాషలో, మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాలి. సభ చేతులెత్తితే అచ్చు, ఎత్తకపోతే లేదు. కొండ పట్నం వామంగాలో మా ఆఫీసు రెండు గదులు. ఒకదాంట్లో ఆవిడ సంపాదకురాలు. రెండోదాంట్లో నేను; నా పేరు హెర్మెలిందా, ప్రూఫులు దిద్దుతాను, పేజీలు కడతాను, అక్కర్లేని పాదసూచికలు చూసి తిట్టుకుంటాను. మా అమ్మాయికి జ్ఞానస్నానపు తల్లి ఆవిడే కాబట్టి ఇద్దరం ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటాం.

మనిషి పొట్టి, గొంతు పెద్దది. తల మీద టోపీ లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు తక్కువ. తను తప్పు కావచ్చన్న అనుమానం ఆవిడకి నెలకోసారి వస్తుందేమో, అదీ భోజనం అయ్యేలోపల పోతుంది. నియమం పెట్టిన కొత్తలో రాజధాని లిమా నుంచి ఒక ప్రొఫెసరు సమాధుల మీద పెద్ద వ్యాసం పంపించి, పొలంలో పనిచేసుకునేవాళ్ళ ముందు నేను పరీక్ష రాయాలా అని మండిపడ్డాడు. రాయాలి అంది ఈవిడ. ఆయన వెళ్ళి గొంతు పోయేదాకా చదివాడు. ఊరంతా ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: ఆ గొయ్యి ఎప్పుడు పూడుస్తావయ్యా, మా ఆవు పడి కాలు విరిగింది. ఆయన గొయ్యి పూడ్పించాకే వ్యాసం నా బల్ల మీదకి వచ్చింది. ఇంకో ఊళ్ళో ఒక పరదేశి కుర్రాడి వ్యాసం జనానికి తెగ నచ్చి, మళ్ళీ చదవమని కూచోబెట్టారు. రెండోసారి చదువుతుంటే అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయట. ఇన్నేళ్ళలో ఏ సభా ఏ వ్యాసాన్నీ పూర్తిగా వద్దనలేదు.

లియోన్సియాది తూరుపంపా. కొండవాలు మీద ఒకప్పుడు ఇంటింటా కుండలు చేసిన ఊరు. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్త మెల్చోరా పెంచింది. మెల్చోరా కుండ చేస్తుంటే చూడాలి. మట్టిముద్దని రాతి పలక మీద పెట్టి, లోపల ఒకటీ బయట ఒకటీ, కాల్చిన మట్టితో చేసిన రెండు చిన్న సుత్తులతో తడుతూ, కుండ చుట్టూ వెనక్కి వెనక్కి నడుస్తుంది. కుండ తిరగదు, మనిషే తిరుగుతుంది. ఆ ఇంట్లో పెరిగినా లియోన్సియా మట్టి ముట్టుకున్నది లేదు. చదువుకునే పిల్లకి మట్టెందుకు అని అత్త చేతి మీద ఒకటేసి లోపలికి పంపేదట. తర్వాత ఈ పిల్ల వామంగాలో చదివి, పురావస్తు శాస్త్రంలో పట్టా తెచ్చుకుని, పాతకాలపు కుండ పెంకుల మీదే వ్యాసాలు రాసింది. కొండల్లో సగం ఊళ్ళ పాత దిబ్బల గురించి రాసింది. అత్త నడక గురించి ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, కుమ్మరులందరూ అలాగే నడుస్తారనుకున్నాను వదినా అంది. సొంత ఇంట్లో జరిగేది లోకమంతా జరుగుతుందనుకోవడం పండితులకీ తప్పలేదు.

అనుమానం పక్క దేశం ఈక్వడార్‌లో మొదలైంది. అక్కడ క్వెంకా పట్నంలో పండితుల సభలకి వెళ్ళింది. మధ్యలో ఖాళీ దొరికితే పక్కన కొండల్లో కాన్యర్ జాతివాళ్ళ పల్లె చూసొద్దామని పోయింది. ఒక వాకిట్లో నడివయసు ఆడమనిషి రెండు మట్టి సుత్తులు పట్టుకుని కుండ చుట్టూ వెనక్కి నడుస్తోంది. మెడ వంపు, మడమ పెట్టే తీరు, అన్నీ మెల్చోరావే. లియోన్సియా అక్కడే గడప మీద కూలబడి నవ్విందట. తర్వాత ఏడుపొచ్చిందట. ఆవిడ ఏడ్చిందంటే నేను నమ్మలేదు గానీ, చెప్పింది ఆవిడే.

తిరిగొచ్చి తూరుపంపా కింద, పాత కుమ్మరులు పగిలిన కుండలు పారబోసిన దిబ్బ తవ్వింది. ఏడేళ్ళు పట్టింది. పెంకుల లోపలివైపు సుత్తి పడిన గుండ్రటి గుంటలున్నాయి. అవి ఇన్కా రాజుల కాలపు పొరలో మొదలవుతాయి. దాని కింద మనిషి జాడే లేదు. పై ఊరు ఆంతవిల్కాలో దొరికిన పెంకుల్లో అలాంటి గుంట ఒక్కటీ కనిపించలేదు. అర్థం తేలిపోయింది. ఇన్కా రాజులు గెలిచిన జాతుల్ని లేపి దూరదేశాల్లో దించేవారని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. తూరుపంపావాళ్ళు అలా కాన్యర్ సీమ నుంచి తెచ్చి దించిన జనం. వ్యాసం చివరి వాక్యం ఇలా ఉండేది: ‘తూరుపంపాలో ఈ నడక తెలిసిన ఆఖరి మనిషి మెల్చోరా సుల్కా; ఆమెతో ఇది ముగుస్తుంది.’ ఆ వాక్యం నాకు ఎంతో నచ్చింది. ప్రూఫుల్లో అలాంటిది ఏడాదికి ఒకటి దొరికినా చాలు.

ఇద్దరు పండితులూ మెచ్చుకున్నారు. మిగిలింది ఊరు. చిక్కు అక్కడే వచ్చింది.

తూరుపంపాకీ ఆంతవిల్కాకీ మధ్య ఒక నీటి ఊట ఉంది. అది మాదంటే మాదని భూముల కోర్టులో దావా నడుస్తోంది. మేం సృష్టి మొదటి నుంచీ ఇక్కడే ఉన్నాం, మా పూర్వీకులు ఆ ఊటలోంచే పుట్టారు అన్నది తూరుపంపా వాదన. ఆంతవిల్కావాళ్ళు వీళ్ళని తరతరాలుగా ‘దించినోళ్ళు’ అని ఎగతాళి చేస్తారు. పెళ్ళిళ్ళలో, జాతరల్లో ఆ మాట మీద తలలు పగిలాయి కూడా. ఇప్పుడు అదే మాట ఈవిడ ఆధారాలతో సహా రాసిపెట్టింది.

తూరుపంపా సభ అధ్యక్షుడు ఎఫ్రాయిన్, మెల్చోరా కొడుకే. సంగతి చూచాయగా తెలిసి బస్సెక్కి ఆఫీసుకొచ్చాడు. అమ్మ పంపిందని ఉడకబెట్టిన మొక్కజొన్న గింజల మూట నా బల్ల మీద పెట్టి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు.

“అక్కా, నువ్వు రాసింది నిజమే అయ్యుండొచ్చు. కాదన్లా. కానీ రేప్పొద్దున వాళ్ళ లాయరు నీ పుస్తకం పట్టుకొచ్చి, సూడండి, వాళ్ళ ఆడబిడ్డే చెప్తాంది అంటే నేనేం చెప్పల్ల?”

“నిజమని చెప్పు” అంది లియోన్సియా.

అతను గట్టిగా ఊపిరి వదిలి, అయితే ఇంగ్లీషులో వేయించుకోమన్నాడు. ఏదో పరదేశపు పత్రిక అడిగిందట కదా, అందులో వస్తే ఊళ్ళో ఎవరూ చదవరు, వాళ్ళ లాయరుకీ ఆ భాష రాదు, నీ పేరూ నిలబడుతుంది, మా ఊటా నిలబడుతుంది అన్నాడు. నిజం చెప్పాలంటే నాకు ఆ ఆలోచన బాగానే తోచింది. ఏడేళ్ళ పని సభలో చేతులెత్తక మట్టికొట్టుకుపోతే ఎలా అని నా భయం.

“ఊరికి తెలీకుండా ఊరి గురించి చెప్తే దాన్ని చాడీ అంటారు ఎఫ్రాయిన్. నేను ఇంతమందిని ఊళ్ళ ముందు నిలబెట్టాను. నా వంతు వచ్చేసరికి సందులోంచి పోతానా? ఆదివారం వస్తున్నాను, సభ పిలువు.”

ఆదివారం నేనూ వెంట వెళ్ళాను. బడి ఆవరణలో ఊరంతా కూచుంది. ఆడవాళ్ళు ఒకపక్క ఉన్ని వడుకుతున్నారు, మగవాళ్ళు ఇంకోపక్క కోకా ఆకు నములుతున్నారు. మెల్చోరా ముందు వరసలో, ఒళ్ళో తన రెండు సుత్తులతో కూచుంది. అవి లేకుండా ఆవిడ చర్చికి కూడా వెళ్ళదు. లియోన్సియా టోపీ తీసి నా చేతికిచ్చింది. అప్పుడే ఆవిడకి భయంగా ఉందని నాకు తెలిసింది. గొంతులో మాత్రం ఆ భయం లేదు. ఎప్పటి పెద్ద గొంతుతోనే చదివింది.

అత్త నడక వర్ణించిన చోట అందరూ తల తిప్పి మెల్చోరా వైపు చూశారు. ఆవిడ నేల చూపులు చూసింది. కాన్యర్ సీమ మాట రాగానే గుసగుసలు లేచాయి. చదవడం అయిపోయాక వెనక వరసలోంచి ఒకతను లేచి, ఆంతవిల్కావాళ్ళు నోటితో అన్నదే నువ్వు కాగితం మీద పెట్టావు, వాళ్ళ దగ్గర ఏం తిన్నావు అన్నాడు. కొందరు నవ్వారు, ఆ నవ్వులో స్నేహం లేదు.

“వాళ్ళు అన్నది నిజం” అంది లియోన్సియా. “వాళ్ళు ఎక్కిరించడానికి అన్నారు, నేను పెంకులు చూపించి చెప్తున్నాను. సృష్టి మొదటి నుంచీ ఉన్నామంటే జడ్జి ఏదీ చూపించు అంటాడు. ఏం చూపిస్తారు? ఐదొందల ఏళ్ళుగా మనం ఇక్కడ వండుకున్న కుండలు, మొక్కజొన్న కల్లు చిచా కాచిన కుండలు, పగలగొట్టుకున్న కుండలు నేను పొర పొరా చూపించగలను. ఆంతవిల్కావాళ్ళని వాళ్ళవి చూపించమనండి.”

ఎఫ్రాయిన్ బుగ్గలో ఆకు అటునుంచి ఇటు మార్చుకున్నాడు. ఊట దగ్గర కూడా మన పెంకులున్నాయా అని అడిగాడు. ఉన్నాయి గానీ ఎక్కువ లేవు, ఉన్నంతవరకే రాశాను అంది. ఎక్కువున్నాయని ఒక్క మాట అంటే సభ అప్పుడే ఆవిడదైపోయేది. అనలేదు. అతను సరే, చేతులెత్తండి అనబోతుంటే మెల్చోరా లేచింది. సభ సద్దుమణిగింది. ఆ ఊళ్ళో ఆవిడ ఎత్తని చోట ఆడవాళ్ళెవరూ చెయ్యెత్తరు.

“ఆ ఆఖరిది మళ్ళీ సదువు” అంది.

లియోన్సియా చదివింది. తూరుపంపాలో ఈ నడక తెలిసిన ఆఖరి మనిషి మెల్చోరా సుల్కా, ఆమెతో ఇది ముగుస్తుంది.

“అది అబద్ధం.”

“ఏది అబద్ధం అత్తా?”

“నాతో ఐపోతాదని నీకెవురు చెప్పినారు? నన్నడిగినావా? నా కాళ్ళ గురించి అంత రాసినావు, బొమ్మలేసినావు, కొలతలు పెట్టినావు. నేనింకా కూచోనుండంగానే నన్ను పూడ్చిపెట్టేస్తివే.”

లియోన్సియా తడబడింది. ఇన్నేళ్ళలో ఆవిడ మాట తడబడటం అప్పుడే చూశాను. ఎవరికి నేర్పావు అత్తా, ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు, అందుకే అలా రాశాను అంది.

“ఎవురికీ నేర్పలా. ఇప్పుడు నేర్పితే నీ మాట అబద్ధమైతాదా కాదా?”

“అవుతుంది.”

“ఐతే నువ్వు నేర్సుకో. లేకుంటే నేను చెయ్యెత్తను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. లియోన్సియా నవ్వలేదు. కాగితాలు రెండు చేతులతో పట్టుకుని అత్త వైపే చూస్తూ నిలబడింది. ఆ కళ్ళల్లో చదువుకున్న మనిషి కనపడలేదు, మట్టి దగ్గర్నుంచి లోపలికి తోలేసిన పిల్ల కనపడింది.

“నేను మట్టి ముట్టుకుంటే చేతి మీద కొట్టింది నువ్వే కదత్తా” అంది, సభ చెవులు రిక్కించి వినాల్సినంత చిన్నగా. అంత చిన్న గొంతు ఆవిడకి ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. “ఎంత ఏడ్చేదాన్నో నీకు తెలుసు. చదువుకునే పిల్లకి మట్టెందుకు అన్నావు.”

“అప్పుడు సదువుకునే పిల్లవి” అంది మెల్చోరా. “ఇప్పుడు సదువైపోయింది గదా.”

ఈసారి సభ సభంతా నవ్వింది, లియోన్సియా కూడా నవ్వింది, ముక్కు తుడుచుకుంటూ. నా జేబులోంచి పెన్సిలు లాక్కుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆ చివరి వాక్యం మీద గీత గీసింది. ఏడాదికి ఒకటి దొరికే వాక్యం అని నాకు ప్రాణం ఉసూరుమంది. మెల్చోరా సుత్తి ఉన్న చెయ్యి ఎత్తింది. ఆడవాళ్ళు ఎత్తారు, మగవాళ్ళు ఎత్తారు. అందరికంటే ఆఖర్న ఎఫ్రాయిన్ ఎత్తాడు.

దావా ఇంకా నడుస్తూనే ఉంది. ఎఫ్రాయిన్ ఇప్పుడు కోర్టుకి ఒక సంచీడు పెంకులతో వెళ్తున్నాడట. ‘దించినోళ్ళం, ఐతే ఏంది, దిగి ఐదొందల ఏళ్ళైంది’ అని ఆంతవిల్కావాళ్ళకి వాళ్ళ మాటే తిప్పి అప్పగిస్తున్నాడట. ఊట ఎవరికి వస్తుందో నాకు తెలీదు. లియోన్సియా మాత్రం ప్రతి శనివారం పొద్దున్నే తూరుపంపా బస్సెక్కేది. సోమవారం నడుం పట్టుకుని, తిట్టుకుంటూ ఆఫీసుకి వచ్చేది. వెనక్కి నడవడం రాక రెండుసార్లు కుండ మీదే కూచుందని ఎఫ్రాయిన్ చెప్పి నవ్వాడు. సంచిక అచ్చుకి పోవడం మూడు నెలలు ఆలస్యమైంది. సంపాదకురాలి వ్యాసానికే సంపాదకురాలు ఆలస్యం చేస్తే ఎవరితో చెప్పుకోను అని నేను అందరికీ వినపడేలా సణిగాను.

చివరికి ప్రూఫులు వచ్చాయి. తీసేసిన వాక్యం చోట చేత్తో రాసిన కొత్త వాక్యం ఉంది: ‘తూరుపంపాలో ఈ నడక తెలిసినవారు ప్రస్తుతం ఇద్దరు.’ ఎంత గొప్పవాళ్ళు రాసినా నేను వదలను. పక్కన పెన్సిలుతో ‘ఆధారం?’ అని రాసి, ఆవిడ గదిలోకి పంపించాను.

కాసేపటికి ఆవిడే వచ్చింది. గోళ్ళల్లో మట్టి ఇంకా పోలేదు. గుడ్డ విప్పి నా బల్ల మీద ఒక కుండ పెట్టింది. ఒక పక్కకి ఒరిగి ఉంది, అంచు వంకర, అరచేయంత మందం. నేను నవ్వబోయాను.

“నవ్వు తర్వాత. ముందు లోపల చెయ్యి పెట్టి చూడు వదినా” అంది.

పెట్టాను. గోడ పొడుగునా గుండ్రటి గుంటలు వేళ్ళకి తగిలాయి. ఏడేళ్ళు ఆవిడ దిబ్బలోంచి తీసిన పెంకుల్లో ఉన్నవే, బొమ్మల్లో నేను పేజీ పేజీకీ సర్దినవే. రబ్బరు తీసుకుని ‘ఆధారం?’ అన్న మాట చెరిపేసి, పేజీ అచ్చుకి పంపించాను.