పార్టీ లేని తార్మో గెలుపు

దుబాయ్‌ ఆఫీసులో వీరరాఘవరావు పక్క సీట్లో మూడేళ్లు పనిచేసిన తార్మో, ఉద్యోగం మానేసి తన దేశం ఎస్టోనియాకు వెళ్లిపోయాడు. ఏ పార్టీలోనూ చేరకుండా, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి, 2005లో తన ఊరి కౌన్సిల్‌కు ఇండిపెండెంటుగా గెలిచాడు. ఆ కబురు విన్న రోజు, దుబాయ్‌ కరామా పేటలోని ఇంట్లో రావుకు అన్నం సయించలేదు.

"ఆయన గెలిస్తే మీకెందుకండీ కడుపుమంట?" అంది భార్య చాముండేశ్వరి.

"పెళ్లికి ముందు నేనూ మన ఊరి మున్సిపల్ ఎన్నికల్లో ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాను. రాజకీయాలు మానితేనే పిల్లనిస్తానని మీ నాన్నగారంటే వెనక్కి తీసుకున్నాను."

"అయితే నన్ను చేసుకున్నందుకా ఈ ఏడుపు?"

రావు కంచం పక్కకు జరిపి లేచాడు. మర్నాడు ఆఫీసులో అందరూ అభినందనల కార్డు మీద సంతకాలు చేశారు. అతనూ చేశాడు, పేరు ఎవరికీ అర్థంకాకుండా గిలికి.