పాత ఫార్మాట్‌లో ఒక బుగ్గ

మైక్రోస్కోప్ తీసిన బొమ్మలు తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను తలా ఓ ఊరి నుంచి కలిసి రాస్తాం. నేను బరంపురం నుంచి. వచ్చే ఏడాది ఏం చేయాలన్న మీటింగులో, ఎవరూ వాడని పాత ఫార్మాట్ ఫైళ్లు తెరిచే వీలును తీసేద్దామన్నారు. నాకు ఒళ్లు మండింది. పాత పరిశోధనలు ఏమైపోవాలని వాదించి దాన్ని నిలబెట్టాను.

నిజానికి ఆ ఫార్మాట్‌లో నాకు కావలసింది ఒక్క బొమ్మే. కాలేజీ ల్యాబ్‌కు కొత్త మైక్రోస్కోప్ వచ్చిన రోజున, గిరిసోల నుంచి రోజూ రైల్లో వచ్చే నా క్లాస్‌మేట్ పుల్లతో తన బుగ్గ లోపల గీరి, గాజుపలక మీద రాసింది. కణాలు తెర మీద కనబడగానే, “సూడు, నా బుగ్గ ఎలాగుందో సెప్పు” అంది.

“స్లైడు బాగొచ్చింది” అన్నాను. అంతవరకే చెప్పి, ఆ బొమ్మను ఫైలుగా దాచుకున్నాను. ఆమె ఇప్పుడెక్కడుందో తెలీదు. మిగతా మాట చెప్పుకోవాలంటే ఆ ఫైలు తెరుచుకోవాలి కదా!