ఉత్తకాళ్లతో కోర్టుకు

కోయంబత్తూరు మిల్లులో నూలు చుట్టే పని చేసే రోజుల్లో, అక్కడే పనిచేసే వేరే కులం అతన్ని రిజిస్ట్రారాఫీసులో పెళ్లి చేసుకున్నాను. తెలియగానే మా నైనా నన్ను అవినాశిలో మామ ఇంటికి తీసుకుపోయి, గడప దాటకుండా అమ్మను కాపలా పెట్టాడు. మా ఆయన మద్రాసు హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేశాడు. నన్ను తీసుకురమ్మని కోర్టు ఆదేశించింది.

కోర్టులో నైనా చేతులు జోడించి, “తలుపుకు బీగం కూడా ఏయలేదు సామీ. మా బిడ్డను మేమేల లోపలేసి పూటిపెడతాం?” అన్నాడు. బీగం వేయని మాట నిజమే.

జడ్జిగారికి తెలుగు వచ్చు. “ఎవరితో వెళ్తావమ్మా?” అని నన్నడిగారు. నైనా పక్కనే నిలబడి ఉన్నాడు. నేను తల వంచుకున్నాను. జడ్జిగారూ నా పాదాల వైపే చూశారు.

“చెప్పులేవి?”

“ఎత్తి దాచినారు సామీ, నేను పోతానని.”

ఆ మాట బయటికొచ్చాక ధైర్యం వచ్చింది. మా ఆయనతోనే వెళ్తానన్నాను. మేజర్ని కాబట్టి నా ఇష్టమన్నారు జడ్జిగారు.

బయట మెట్ల దగ్గర అమ్మ తన చెప్పులు విడిచి నా ముందుకు జరిపింది. “ఏసుకో నా కన్నూ. వెయిల్లో రోడ్డు కాల్తాది” అంది. వద్దనేలోపే నైనా వెనకాల ఉత్తకాళ్లతో వెళ్లిపోయింది.

అవి నాకు బిగుతు. రైల్వేస్టేషన్ దాకా కరుస్తూనే ఉన్నా విప్పలేదు. నన్నయితే కోర్టు విడిపించింది. అమ్మ కోసం పిటిషన్ వేయాలని మాలో ఎవరికీ తోచలేదు.