మావయ్య నాలుక, పొడపత్రి ఆకు

మా మావయ్యకి గజపతినగరంలో బెల్లం కొట్టు ఉండేది. దిమ్మని గోటితో గీరి, ఆ పొడి నాలుక మీద వేసుకుని, అది ఏ ఊరి చెరుకో, పాకం ఎంత మాడిందో చెప్పేవాడు. సంతకి వచ్చిన రైతులెవరూ ఆ నాలుకకి ఎదురు చెప్పేవారు కాదు. ఇంట్లోవాళ్ళు అసలే చెప్పేవారు కాదు. అరవైల చివర్లో నేను కొత్త కోడలిగా వెళ్ళిన ఏడు ఆ నాలుక నా కొంప ముంచబోయింది.

ఆ ఇంటి ఆచారం ప్రకారం, మొదటి ఆషాఢానికి పుట్టింటికి వెళ్ళేలోపు కోడలు పరమాన్నం వండాలి, మామగారు తిని కుదిరిందనాలి. కుదరకపోతే ఆ నెలంతా ఆడపడుచు ఇంట్లో ఉండి వంట నేర్చుకోవాలి. నన్ను తీసుకెళ్ళడానికి మా నాన్న గురువారం సముద్రపొడ్డున ఉన్న భావనపాడు నుంచి వస్తానని కార్డు రాశాడు. నాకు ప్రాణమంతా మా ఊరి మీదే ఉంది. సోమవారం వండాను. నేను చెప్పుకోకూడదు గాని, బాగా కుదిరింది.

మావయ్య ముద్ద నోట్లో పెట్టుకుని పైకప్పు వైపు చూశాడు. "ఏటమ్మా, బెల్లం ఎయ్యడం మరిసిపోనావేటి? సప్పగున్నాది."

అత్త రుచైనా చూడలేదు. "ఉప్పుగాలి ఊరిది. దానికి తీపేటి తెలుస్తాది" అంది.

మంగళవారం బెల్లం రెట్టింపు వేశాను. మావయ్య మళ్ళీ తల అడ్డంగా ఊపాడు. పక్కనే తింటున్న మరిదికి ఆ తీపికి కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఒరే, నీకేటనిపిస్తంది?" అని మావయ్య అడిగాడు.

మరిది గ్లాసుడు నీళ్ళు తాగి, "అవున్నాన్నా, తీపి సాల్నేదు" అన్నాడు. మా ఆయనా అదే మాట అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తాళి కట్టిన మనిషి, బంకలా అంటుకున్న వేళ్ళు విడదీసుకుంటూ ఆ మాట అనడం ఈ రోజుకీ మరచిపోలేదు.

బుధవారం మధ్యాహ్నం, వడ్డనకి ముందు, నీళ్ళకని పెరట్లోకి వెళ్ళాను. నూతి వెనక నక్కి మావయ్య పొడుం డబ్బాలోంచి ఆకులు తీసి మేకలా నములుతున్నాడు. నన్ను చూసి నీరుకారిపోయాడు.

"ఎవరికీ సెప్పకమ్మా. ఇది పొడపత్రి. ఇజీనగరం డాక్టరు నాకు సెక్కెర జబ్బున్నాదన్నాడు. రగతంలో కొవ్వు కూడా పెరిగిపోనాదట. ఆకు వైద్యుడు అన్నానికి ముందు ఇది నమలమన్నాడు. బెల్లం కొట్టోడికి సెక్కెర జబ్బంటే సంతంతా నవ్వుతాది."

నేనూ ఒక ఆకు నమిలాను. చేదు విషం. వంటింట్లోకి వెళ్ళి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇసక నమిలినట్టుంది, తీపి మచ్చుకైనా లేదు. రెండు రోజులు నేను కుళ్ళి కుళ్ళి ఏడ్చింది ఈ ఆకు మూలానా? నవ్వూ కోపమూ కలిసే వచ్చాయి గాని, కోపమే ముందు వచ్చింది.

ఇంకో ముక్క పట్టుకుని నూతి దగ్గరికి తిరిగొచ్చి, "మీ ఆకు తీపిని సంపేస్తన్నాది మావయ్యా" అన్నాను.

"నా నాలికనే మోసం సేస్తాదా?" అన్నాడు, పరువు పోయినట్టు. బెల్లం ముక్క చేతిలో పెట్టాను. చప్పరించాడు. తీపి తగలక ఇంకోసారి కొరికి చూశాడు.

"మీ జబ్బు సంగతి ఎవరికీ సెప్పను. రేపు మాత్రం ఒక్క సెంచాడు తిన్నాకే ఆకు నమలండి" అన్నాను.

గురువారం మా నాన్న అరుగు మీద కూర్చుని ఉండగా, మావయ్య చెంచాడు పరమాన్నం తిన్నాడు. సోమవారం కొలతే వేశాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. విస్తరి ముందు తీపి ఎరిగి ఎన్నాళ్ళయిందో పాపం. రెండో చెంచాకి చెయ్యి చాచబోతే గిన్నె వెనక్కి లాగేశాను.

"కుదిరినాది" అన్నాడు. వెంటనే మరిదికీ, మా ఆయనకీ, అత్తకీ కూడా కుదిరింది. నేను బస్సెక్కాను.

ఆషాఢం వెళ్ళాక తిరిగి వస్తే అత్త దిగులుగా ఉంది. నెల్లాళ్ళుగా ఆవిడ చేసిన అరిసెలు, పాకుండలు, బూరెలు అన్నీ చప్పగా ఉన్నాయంటూ మావయ్య పక్కకి నెట్టేస్తున్నాడట. తీపి మానడానికి మంచి సాకు దొరికింది ఆయనకి.

అత్త నన్ను వంటింటి మూలకి పిలిచింది. "ఆయన నోటికి నచ్చేటట్టు నువ్వేటి సేసినావే? నాకు సెప్పవే."

ఉప్పుగాలి మాట నాకు ఇంకా గుర్తుంది.

"ఏటీ నేదత్తా. బెల్లం ఇంకాస్త ఎక్కువెయ్యండి" అన్నాను.

ఆ వారమంతా మా ఆయనా మరిదీ చెంబులకొద్దీ నీళ్ళు తాగారు.