పట్టీలు అంటించిన పెద్దమనిషి

నన్ను సేవా సంఘంలో చేర్చుకున్నది నా గుణం చూసి కాదు, నా షామియానాలు చూసి. కోరుట్లలో నాకు టెంటు హౌసు ఉండేది. జగిత్యాలలో పెద్దమనుషులు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు: ఒక వకీలు, మందుల దుకాణం ఆయన, ఇద్దరు ముగ్గురు టీచర్లు, రైసు మిల్లు ఆయన. మిల్లు ఆయనే అధ్యక్షుడు. ఏ శిబిరం పెట్టినా టెంటు కావాలి, కుర్చీలు కావాలి, జంపఖానాలు కావాలి. ప్రతిసారీ టెంటు మనిషిని బతిమాలేదానికన్నా అతన్నే సభ్యుణ్ణి చేస్తే పోతుందని ఎవరికో తోచింది. కోటుకు పెట్టుకునే బిళ్ళ ఒకటి ఇచ్చారు. నాకు కోటు లేదు. చొక్కా జేబుకు పెట్టుకుని వారం రోజులు ఆ చొక్కా ఉతకనివ్వలేదు.

అప్పటికి నాకు నలభై దాటాయి. ఒక్క అక్షరం రాదు. సంతకం చేసేవాణ్ణి కానీ అది నా మటుకు ఒక బొమ్మ. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ మలపాలో చేతికి తెలుసు, నాకు తెలియదు. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియనివ్వకుండా ఏళ్ళ తరబడి దుకాణం నడిపాను. దానికి కావలసిన సరంజామా ఉండేది: జేబులో రెండు పెన్నులు, చంకలో పేపరు, నోట్లో ఒక మాట. "అద్దాలు ఇంట్ల మర్చిపోయిన, జర నువ్వు చదువు." నాకు అద్దాలే లేవు.

సంఘం కూర్చున్నప్పుడల్లా ఎవరో ఒకరు లేచి ప్రతిజ్ఞ చదవాలి. లేనివానికి చెయ్యి అందిస్తాను, చేసింది చాటుకోను, నిజం దాచను, ఇట్లా పది వాక్యాలు. పది మంది నోట విని నాకు కంఠస్థమయ్యాయి. నా వంతు వచ్చిననాడు జేబులోంచి కాగితం తీసి, దాన్ని చూస్తూ గడగడా చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక మందుల దుకాణం ఆయన అడిగాడు, "ఏం సేటు, ఎవలిదో పెండ్లి పత్రిక పట్టుకున్నట్టున్నవ్?" తడుముకోకుండా చెప్పాను: "పత్రిక ఎనుక రాసుకున్న." నిజం దాచను అనే వాక్యం కూడా ఆ పెండ్లి పత్రికలోంచే చదివానని ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు గర్వంగా ఉండేది.

అన్నల కాలం అది, అంటే నక్సలైట్ల కాలం. నలుగురు ఒకచోట కూడితే పోలీసులు ఎందుకని అడిగేవాళ్ళు, నలుగురు పెద్దమనుషులు కూడితే అన్నలు ఎందుకని అడిగేవాళ్ళు. రుద్రంగి పక్కన ఒక ఊళ్ళో కంటి శిబిరం పెట్టాలని సంఘం అనుకుంటే, ఇద్దరి దగ్గరా ఒప్పుకోలు కావలసి వచ్చింది. పొద్దు గూకకముందే ముగించి పోవాలి, మళ్ళీ మళ్ళీ పెడతామంటే కుదరదు అని పోలీసుల మాట. దొర కొడుకు ఉపన్యాసం ఇయ్యొద్దు, రిబ్బను కత్తిరించొద్దు అని అవతలి మాట. దొర కొడుకు అంటే మా అధ్యక్షుడే. సొంత ఊళ్ళో వాళ్ళ గడి మీద, అంటే కోటలాంటి ఇంటి మీద, జనం తిరగబడ్డాక జగిత్యాలకు వచ్చి మిల్లు పెట్టుకున్న కుటుంబం. నాలుగు పేజీల ఉపన్యాసం రాసి పెట్టుకున్నాడు పాపం. అది మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను లోపల సంతోషపడ్డాను. ఆ నాలుగు పేజీలు వినే బాధ తప్పింది.

శిబిరం ఆ ఊరి బడిలో. కట్లు కట్టే గుడ్డ సిరిసిల్ల నుంచి తెచ్చాం. కరీంనగర్ నుంచి ఒక కంటి డాక్టరు వచ్చాడు. పని జరిగే తీరు ఇట్లా: పొద్దున డాక్టరు ఒక గదిలో అందరి కండ్లూ చూసి, ఎవరికి ఏ కంటి పొర తీయాలో చిట్టీ మీద రాసిస్తాడు. వసారాలో కూర్చున్న మనిషి ఆ చిట్టీ చూసి, ఆ కంటి కనుబొమ్మ మీద తెల్ల ప్లాస్టరు పట్టీ ముక్క అంటించి, చిట్టీ తీసి పెట్టెలో వేయాలి. మధ్యాహ్నం నుంచి ఆపరేషన్లు. ముఖం మీద గుడ్డ కప్పాక డాక్టరుకు గుర్తు ఆ పట్టీ ఒక్కటే.

"సేటుకు కూసునే పని ఇయ్యిండ్రి. పొద్దుటి నుంచి గుంజలు పాతి అలిసిపోయిండు," అని అధ్యక్షుడు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు.

రాదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. టేబులు, కుర్చీ, జేబుకు బిళ్ళ, ముందర జనం వరుస. ఆ కుర్చీ వదిలి లేవడానికి నాకు మనసు రాలేదు. తెలివిమంతుణ్ణి కదా, ఉపాయం కనిపెట్టాను. చిట్టీని అటూ ఇటూ తిప్పి, కనుబొమ్మలు ముడిచి, "ఊఁ, ఏ కన్ను?" అని వాళ్ళనే అడిగేవాణ్ణి. వాళ్ళు చూపించిన కంటికి పట్టీ. సంఘంలో నాకన్నా వేగంగా పని చేసేవాడు లేడని టీచరు ఒకాయన మెచ్చుకున్నాడు కూడా.

వరుసలో ఒక ముసలవ్వ వచ్చింది. బీడీలు చుట్టే మనిషి. కత్తెర పట్టిన వేళ్ళ మీద కాయలు కాచి ఉన్నాయి. కూర్చుంటూనే మొదలుపెట్టింది.

"కొడుకా, ఆకు కత్తిరిస్తుంటే వేలు తెగుతున్నది. కట్టకు కట్ట వాపసు కొడుతున్నరు. నా కోడలు అన్నం పెడతది గని, మాట మాత్రం ముందు పెడతది. ఇంక రెండు నెలలు గిట్లనే ఉంటె కార్ఖానల నా పేరు కొట్టేస్తరు."

"ఏ కన్నవ్వా?"

"గీ కుడిది. గిది సుక్క కనవడది. ఎడమది జర మసక మసక కనవడుతది, దాని జోలికి పోకుండ్రి."

నాకూ సబబే అనిపించింది. అసలే కనిపించని కంటిని కదా బాగుచేయాలి. కుడి కనుబొమ్మ మీద పట్టీ వేసి నొక్కాను. "సల్లగుండు," అని దీవించి పోయింది.

మధ్యాహ్నం తిండి అయ్యాక డాక్టరు నన్ను పిలిచాడు. నేను అద్దాలు మర్చిపోయి వచ్చానని టీచరు చెప్పాడట. "పొద్దుటి నుంచి కష్టపడ్తున్నరు, మీ కండ్లు గూడ చూస్త, రాండ్రి," అన్నాడు. గోడకు అక్షరాల అట్ట ఉంది. పైన పెద్ద అక్షరం.

"ఇది కనవడ్తందా?"

"లేదు సారు."

"ఇంత పెద్దది?"

"మసక మసకున్నది సారు."

డాక్టరు నా కండ్లలోకి లైటు వేసి చూశాడు. తర్వాత అట్ట తిప్పాడు. వెనకవైపు మూడు పళ్ళ దువ్వెన లాంటి గుర్తులు, కొన్ని పైకి, కొన్ని కిందికి, కొన్ని పక్కలకు. పళ్ళు ఎటున్నాయో వేలితో చూపమన్నాడు. అబ్బ, నాకు వచ్చిన పరీక్ష! పైకి, కిందికి, ఇటు, అటు, ఇటు. ఆఖరి వరుసలో చీమంత గుర్తులు కూడా ఒక్కటి తప్పకుండా చూపించాను. పాసయిన పిల్లవాడిలా చూశాను.

డాక్టరు నవ్వలేదు. కుర్చీ దగ్గరికి జరిపి మెల్లగా అడిగాడు. "చదువు రాదా?"

"వస్తది సారు," అన్నాను.

ఆ అట్ట చదువు రానివాళ్ళ కోసం చేసినదని నాకేం తెలుసు? ఆయన ఇంకేదో అడగబోతుంటే లోపలి నుంచి పిలుపు వచ్చింది, ఆపరేషన్లకు అంతా సిద్ధమని. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. బతికానురా అని పైకే గొణుక్కుంటూ వసారాలోకి వచ్చాను.

అప్పటికే మొదటి మనిషిని లోపలికి నడిపిస్తున్నారు. బీడీల అవ్వే. నా గొంతు గుర్తుపట్టి ఆగింది.

"నువ్వు మంచోనివి కొడుకా. గా డాక్టరు ఎడమదానికే చేస్త, కుడిది నరం సచ్చిపోయింది, అది ఇంక రాదు అన్నడు. నువ్వయితే నా మాట ఇని కుడిదానికే పెట్టినవ్."

చచ్చిన కంటికి కోత పెడతారు. బాగయ్యే కన్ను అట్లాగే ఉండిపోతుంది. మళ్ళీ శిబిరానికి ఒప్పుకోలు లేదు. ఈమె ఒక్కతే కాదు, పొద్దుటి నుంచి నేను పట్టీ అంటించినవాళ్ళందరూ ఆ వసారాలోనే కూర్చుని ఉన్నారు.

నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా ముందు వచ్చిన ఆలోచన అవ్వ గురించి కాదు. ఎవరికీ తెలియకుండా ఆ ఒక్క పట్టీ మార్చేస్తే ఎట్లా ఉంటుందని. మిగతావాళ్ళవి? అక్కడ ఆగిపోయింది నా తెలివి. అవ్వ గడప దాటింది.

"ఆపుండ్రి!" అని అరిచాను.

ఆ రోజుల్లో, ఆ ఊళ్ళో, అట్లా అరవకూడదు. కాపలా ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు తుపాకులు తీశారు. వసారాలో సగం మంది నేల మీద పడుకున్నారు. కండ్లు కనిపించనివాళ్ళు ఎటు పోవాలో తెలియక ఒకరినొకరు పట్టుకున్నారు. మందుల దుకాణం ఆయన టేబులు కింద దూరాడు. ఆ గందరగోళంలో నేను చేతులు పైకెత్తి నిలబడి, "నాకు చదువు రాదు, నాకు చదువు రాదు," అని రెండుసార్లు అన్నాను. అన్నలు వచ్చారనుకున్న కానిస్టేబులుకు ఈ మాట ఎక్కడా పొసగలేదు. "రాకపోతే ఏందయ్యా, మా పానాలు తీస్తవా?" అన్నాడు.

అవ్వ మాత్రం బెదరలేదు. చిట్టీలు చదవకుండానే పట్టీలు వేశానని నేను చెప్పేసరికి తిరిగి నిలబడి, నా గొంతు వినిపించిన దిక్కుకు చెయ్యి చూపింది. "నీకు సదువు రాకపోతే నా కన్నేం జేసిందిరా?"

అధ్యక్షుడు వచ్చాడు. "ఇన్నేండ్ల నుంచి సంఘంల ఉన్నవ్. ఒక్కనాడన్న చెప్పకపోతివి. చిన్నప్పుడు బడికే పోలేదా?"

"బడి ఈడుల మీ గడిల గొడ్లు కాసిన," అన్నాను.

నేను ఆయన్ను గెలిచాననుకున్నాను కాసేపు. తర్వాత లెక్క వేసుకుంటే, గడి నన్ను బడికి పోనివ్వనిది ఏడెనిమిదేళ్ళు. దొరలు ఊరు విడిచిపోయినా నన్ను నేర్చుకోనివ్వనివి నా జేబులోని రెండు పెన్నులు. ఆ సంగతి ఆ రోజు అనలేదు, ఎందుకంటే ఆ మాట బాగా పేలింది. అధ్యక్షుడు నా కుర్చీలో కూర్చుని, పెట్టెలోని చిట్టీలు బోర్లించి, ఒక్కొక్కరినీ పిలిచి పట్టీలు సరిచూశాడు. చాలామందివి సరిగానే ఉన్నాయి. ఇంకో ఇద్దరివి అవ్వ లాగే తప్పు.

దానికి గంట పైన పట్టింది. పొద్దు ఆగదు కదా. గడువు అయ్యేసరికి నలుగురు మిగిలిపోయారు. పట్టీలు అట్లాగే ఉండగా వాళ్ళను ఇండ్లకు పంపించాం. తర్వాతి నెలల్లో ఒక్కొక్కరినీ నేనే బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాను. ముగ్గురినే. నాలుగో ఆయన ఇంటికి వెళ్తే, "మళ్ళ అచ్చినవా? నాకు గట్లనే అలవాటైంది పో," అని తలుపు వేసుకున్నాడు.

అవ్వకు మాత్రం ఆ రోజే ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. ఆసుపత్రిలో ఆమె కట్టు విప్పేనాడు నేను వెళ్ళాను. వెళ్ళకుండా ఉండటానికి ఎన్ని సాకులున్నాయో అన్నీ వెతికి, దొరకక వెళ్ళాను. డాక్టరు ఎడమ కంటి మీది గుడ్డ తీసి, మెల్లగా తెరవమన్నాడు. ఆమె రెప్పలు కొట్టింది. ముందు తన వేళ్ళు చూసుకుంది, ఒక్కొక్కటీ వంచి. కోడలిని చూసింది. తర్వాత అడిగింది.

"గా సదువురానాయన ఎవలు?"

అందరూ నన్ను చూపించారు. ఆమె నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఇస్త్రీ చొక్కా, జేబు, బిళ్ళ, పెన్నులు.

"మొఖం జూస్తె సదువుకున్నోని లెక్కనే ఉన్నవ్ గదరా," అంది. "గందుకే నమ్మిండ్రు అందరు. తీసెయ్ గా పెన్నులు."

తీసేశాను. ఒకటి కోడలు పట్టుకుపోయింది. రెండోది చేతిలోనే ఉంచుకుని, ఆ సాయంత్రం నా భార్యను పలక తెమ్మన్నాను.