దారిచ్చే డిఫెండర్

ఇరాక్ సైన్యం వచ్చిపడింది, మా యజమానులైన కఫీళ్లు దేశం దాటారు, మాకు పనుల్లేవు. మేముండే ఖైతాన్ పేటలో కడపవాళ్లమంతా ఇసుకలో ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. నేను గోల్‌కీపర్‌ని. నా కుడివైపు కాసే కుర్రాడు, ఎదుటివాడు బంతితో దూసుకొస్తే చాలు, పక్కకు జరిగి దారిచ్చేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది! తప్పు వాడిదా, మాకు ఆట నేర్పే మామదా అని రోజూ గొడవే.

చివరికి వాణ్ణే నిలదీశాను.

“కఫీల్ ఎదురొస్తే పక్కకు జరగమని మామే గదన్నా నేర్పింది, పనిలో చేరిన దినం!”

నిజమే. వాడు పనిచేసే కఫీల్ ఇంట్లోనే మామ వంటవాడు.

అది విన్న మామ బంతి లాక్కుని, “కఫీల్ ల్యాడు, ఎవురూ ల్యారు! జరగాకురా!” అని అరుస్తూ వాడి మీదికే దూసుకొచ్చాడు. వాడు జరగలేదు. మామ ఎగిరి ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. మేం ఈలలేసి గంతులేశాం.

పడ్డచోటి నుంచే మామ అరిచాడు: “అద్దీ!”